కూర్చుని వినే పాట కాదు

తైస్తో బ్యాండు అంటే ఆ సరస్సుల ఊళ్లలో అందరికీ ముందు గుర్తొచ్చేది విల్యా గొంతు. పద్నాలుగో ఏట తండ్రి ఆమెను మొదటిసారి మైకు ముందు నిలబెట్టినప్పుడు వేరే ఉద్దేశమేమీ లేదు. పాడాల్సిన ఆవిడకు జ్వరం తగిలింది, అంతే. ఆవిడకు జ్వరం తగ్గింది కానీ మళ్లీ పిలుపు మాత్రం వెళ్లలేదు. తైస్తో అకార్డియన్ వాయిస్తాడు. చిన్నప్పటి స్నేహితుడు ఓస్మో డ్రమ్స్ వాయిస్తాడు, వాయించనప్పుడు మాట్లాడుతూ ఉంటాడు. బేస్ గిటారు పట్టడానికి ఏ ఏటికాయేడు ఎవరో ఒకరు దొరుకుతుంటారు. వేసవి మొదలైందంటే శనివారం ఒక ఊరు, ఆదివారం ఇంకో ఊరు.

ఆ డాన్సు హాళ్లు చెక్కతో కట్టినవి, నీళ్ల ఒడ్డున, పైన్ చెట్ల మధ్య ఉంటాయి. జనం అక్కడికి పాట వినడానికి రారు, ఆడటానికి వస్తారు. నిదానంగా నడిచే టాంగో, గుండ్రంగా తిరిగే వాల్ట్జ్, గెంతుతూ ఆడే హుంపా. ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు నిలబడతారు. ఎవరినైనా ఆటకు పిలిస్తే వరసగా రెండు పాటలు ఆడి, పిలిచిన చోటికే తీసుకెళ్లి దిగబెట్టి, తల వంచి రావాలి. ఒక్క పాటకే వదిలేస్తే అవమానించినట్టు. పాట నచ్చకపోతే ఎవరూ ఈలలు వేయరు, అరవరు. మెల్లగా కాఫీ కౌంటరు వైపు నడుస్తారు. నేల ఖాళీ అవుతుంది. పాడేవాళ్లకు అంతకు మించిన శిక్ష లేదు.

"చప్పట్లను నమ్మకు. మర్యాద కోసం కూడా కొడతారు. కాళ్లు చూడు," అనేవాడు తైస్తో. ఇన్నేళ్లలో ఆయన కూతురికి నోటితో చెప్పిన సంగీత పాఠం అదొక్కటే.

విల్యా కొంతకాలంగా తనే పాటలు కట్టుకుంటోంది. ఎవరికీ చెప్పలేదు. పోయిన ఆగస్టులో, ఒక ఆదివారం మధ్యాహ్నపు డాన్సులో, రెండు పాత టాంగోల మధ్య తన టాంగో ఒకటి పెట్టేసింది. ఏ శ్రుతో మాత్రం చెప్పింది. శ్రుతి తెలిస్తే చాలు, తండ్రి వేళ్లు వాటి దారిన అవి పోతాయి.

*తెడ్డు ఒక్కటే మిగిలిన పడవ*
*గుండ్రంగా తిరుగుతుంది, ఒడ్డు చేరదు.*
*రెండో తెడ్డు నీ దగ్గరుంది,*
*అది తేకపోయినా పర్లేదు, వచ్చి కూర్చో.*

పాడుతున్నంతసేపూ ఆమె కళ్లు నేల మీదే ఉన్నాయి. ఎవరూ కాఫీ వైపు వెళ్లలేదు. పైగా కాఫీ తాగుతున్నవాళ్లు కప్పులు అక్కడ పెట్టేసి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వచ్చారు. పాట అయిపోయాక ఎర్ర గౌను వేసుకున్న ఒక పెద్దావిడ స్టేజీ దగ్గరకొచ్చి, "ఇది మా చిన్నప్పటి పాట కదూ, పేరే గుర్తుకు రావట్లేదు," అంది. విల్యా అవునని తలూపింది.

ఇంటికి వెళ్లేటప్పుడు వ్యాను నడుపుతూ తైస్తో అడిగాడు.

"ఆ టాంగో ఎవరిది?"

"నాదే నాన్నా."

 వ్యాను కలప డిపో దాటింది, చర్చి దాటింది, పెట్రోలు బంకు దాటింది. అప్పుడు అన్నాడు, "రెండో చరణంలో ఊపిరి తీసుకోవడానికి చోటు లేదు."

వెనక సీట్లోంచి ఓస్మో ముందుకు వంగాడు. "అమ్మాయ్, అది మీ నాన్న భాషలో పూలదండ. నా పెళ్లికి కూడా ఇంత మాట అనలేదు."

"నీ పెళ్లికి అనడానికి ఏముంది," అన్నాడు తైస్తో.

*

జనవరి వచ్చింది. వసంతంలో స్కూలు చదువు అయిపోతుంది, కాలేజీలకు దరఖాస్తులు పెట్టాల్సిన కాలం. ఒక గురువారం అందరూ బఠాణీ సూప్ తాగుతుండగా విల్యా తన మాట బయటపెట్టింది.

"నేను పాటలు కట్టడం చదువుకుంటాను. పాడటం ఒక్కటే కాదు, కట్టడం కూడా."

తల్లి సిర్కా పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. రోజంతా అందరినీ నోరు తెరవమని అడిగే మనిషి, ఇంట్లో మాత్రం ఒక్క మాటతో అందరి నోళ్లూ మూయించగలదు. ఆ రోజు అలా చేయలేదు. చెంచా కింద పెట్టి, "ఎక్కడ?" అని మాత్రం అడిగింది.

విల్యా అన్నీ చూసి పెట్టుకుంది. మూడు చోట్ల తనకు సరిపడే చదువు ఉంది. ఒకటి హెల్సింకిలో, పెద్ద పేరున్న కాలేజీ. రెండోది సముద్రం అవతల స్వీడన్లో, కొత్త పాటలు కట్టి బజారులోకి పంపడం నేర్పే బడి. మూడోది కివిసల్మి అనే చిన్న ఊళ్లో, మూతపడిన పాల కేంద్రంలో పెట్టిన కాలేజీ.

"పాల కేంద్రంలోనా?" అంది సిర్కా.

"ఇప్పుడు పాలు లేవమ్మా."

"వాసన ఉంటుంది. హెల్సింకిలో సీటొస్తే ఇంక ఆలోచించేదేముంది? ఎవరన్నా అడిగితే చెప్పుకోవడానికి బాగుంటుంది. కివిసల్మి అంటే ఎక్కడుందని అడుగుతారు, మ్యాపు తీసి చూపించాలి."

"నాన్నా, నువ్వేమంటావు?"

తైస్తో సూప్‌లో ఆవపిండి కలుపుకుంటున్నాడు. "నేనేమీ అనను. నాకు బ్యాండులో పాడేవాళ్లు కావాలి. నువ్వు ఎక్కడికీ వెళ్లకపోతేనే నాకు లాభం. అలాంటివాడి సలహా తీసుకోకూడదు. వ్యాను మాత్రం నడుపుతాను."

మూడు చోట్ల నుంచీ ఆడిషన్‌కు పిలుపు వచ్చింది. సిర్కా ఆ సంగతి తను నోరు తెరిపించే ప్రతి మనిషికీ చెప్పింది. తిరిగి జవాబు చెప్పలేని స్థితిలో ఉన్నవాళ్లకు మరీ వివరంగా చెప్పింది.

*

తండ్రీ కూతురూ ముందు స్వీడన్ వెళ్లారు. మార్చిలో సముద్రం ఇంకా గడ్డకట్టే ఉంది. ఓడ మంచును పగలగొట్టుకుంటూ వెళుతుంటే తైస్తో కిటికీ దగ్గర కూర్చుని, ఆ చప్పుడు ఏ తాళంలో ఉందో వేళ్లతో బల్ల మీద వెతుక్కున్నాడు.

ఆ బడి విల్యాకు నచ్చింది. నచ్చకుండా ఉండే చోటు కాదది. గోడలకు దుప్పట్ల లాంటివి కప్పిన చిన్న చిన్న గదులు, ఒక్కో గదిలో ఒక కంప్యూటరు, ఒక కీబోర్డు, ముగ్గురు మనుషులు. వచ్చినవాళ్లను ముగ్గురేసి చొప్పున జట్లు కట్టారు. విల్యాతో మాల్మో నుంచి వచ్చిన ఒకమ్మాయి, నార్వే నుంచి వచ్చిన ఒకతను పడ్డారు. పొద్దున ఏమీ లేదు. మధ్యాహ్నానికి పల్లవి వచ్చింది. సాయంత్రానికి పాట మొత్తం తయారై స్పీకర్లలోంచి మోగుతోంది. నిజానికి బాగుంది. పాఠం చెప్పే ఆయన తలూపుతూ విని, అక్కడే, అప్పుడే విల్యాతో, "సెప్టెంబరులో రా. నీకు చోటుంది," అన్నాడు.

ఓడలో తిరిగొస్తూ తండ్రి అడిగాడు.

"ఎట్లా ఉంది?"

"మంచివాళ్లు నాన్నా. ఒక్క రోజులో పాట అయిపోయింది."

"పాడు."

పల్లవి పాడింది. ఆయన విన్నాడు. బావుందనలేదు, బాలేదనలేదు.

"ఇందులో నీది ఏది?"

విల్యా ఆలోచించింది. రెండో లైను తను మొదలుపెట్టిందే, కానీ మాల్మో అమ్మాయి మార్చింది. ఆ రాగం నార్వే అతనిది, దాని చివర విరుపు తనది, అది తర్వాత తీసేశారు. వెతుక్కుంటే ఒక్క పదం మిగిలింది.

"తెలియట్లేదు," అంది.

"చెడ్డేం కాదులే. ఇల్లు కట్టేటప్పుడు ఏ మేకు ఎవరు కొట్టారో ఎవరికి గుర్తుంటుంది," అన్నాడాయన.

కానీ విల్యాకు ఆ మాట మనసులో ఉండిపోయింది. తనకు మేకులు కొట్టాలని లేదు.

*

హెల్సింకికి ఏప్రిల్లో వెళ్లింది. ఈసారి సిర్కా కూడా సెలవు పెట్టి వచ్చింది. కొత్త కోటు కొనుక్కుంది. కాలేజీ మెట్ల మీద నిలబడి భర్తతో ఫొటో తీయించుకుంది, కూతురు లోపలికి వెళ్లకముందే.

లోపల గది పొడుగ్గా, తెల్లగా ఉంది. ఐదుగురు పరీక్షకులు ఒకే వరసలో కూర్చున్నారు. మధ్యలో ఉన్న అన్నుక్కా అనే ఆవిడ నెమ్మదిగా, ఎంతో మర్యాదగా మాట్లాడింది. విల్యా ముందు వాళ్లిచ్చిన పాట పాడింది. బాగా పాడిందని తనకే తెలిసింది. ఆ తర్వాత పియానో ముందు కూర్చుని తన టాంగో ఎత్తుకుంది.

మొదటి చరణం అయ్యేసరికే ఏదో తేడాగా ఉంది. గొంతు సరిగానే ఉంది, పియానో మీద వేళ్లు తడబడలేదు. కానీ ఎదురుగా ఎవరూ కదలట్లేదు. ఐదుగురూ చేతులు కట్టుకుని, కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని, చాలా శ్రద్ధగా వింటున్నారు. అంత శ్రద్ధ విల్యా ఎప్పుడూ చూడలేదు. వాళ్ల బూట్ల వైపు చూసింది. పది బూట్లలో ఒక్కటి కూడా ఊగట్లేదు. పడవ నీళ్లలో కాకుండా బల్ల మీద పెట్టినట్టయింది. ఎలాగో ముగించింది.

"మంచి గొంతు," అంది అన్నుక్కా. "చాలా మంచి గొంతు. పాట సంగతి అంటారా, కాస్త పాతకాలపు పద్ధతిలో ఉంది. కానీ మీరు పాడే తీరు మాకు నచ్చింది."

బయటికొచ్చాక సిర్కా చెయ్యి పట్టుకుంది. "ఏమన్నారే?"

"గొంతు బాగుందన్నారు."

"చూశావా, నేను చెప్పలేదూ?" అంది సిర్కా సంతోషంగా. తైస్తో కూతురి ముఖం చూసి వ్యాను తాళాలు తీశాడు.

దారిలో విల్యా కిటికీకి తల ఆనించి కూర్చుంది. తన పాట నిజంగా పాతదేనేమో. ఊళ్లో వాళ్లు తాతల కాలం నుంచి అవే అడుగులు వేస్తున్నారు కాబట్టి తన పాటకూ వేశారేమో. పాట గొప్పతనం కాదు, అలవాటు బలమేమో. ఆ అనుమానం ఇల్లు చేరేదాకా వదల్లేదు. ఇంటికొచ్చాక కూడా చాలా రోజులు పియానో మూత తెరవలేదు.

*

కివిసల్మికి వెళ్లే రోజు పొద్దున, "మానేద్దామా నాన్నా?" అంది.

"వ్యానులో పెట్రోలు పోయించాను," అన్నాడు తైస్తో. ఆయన దృష్టిలో దానికి మించిన జవాబు లేదు.

పాల కేంద్రం ఎర్ర ఇటుకల కట్టడం. వాసనేమీ లేదు. వరండాలో ఆడిషన్‌కు వచ్చినవాళ్లు గిటార్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. తైస్తో ఒక మూల కుర్చీ చూసుకుని, ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుని, తాగకుండానే కునుకు తీశాడు.

లోపల ముగ్గురున్నారు. పెద్దాయన పేరు హెయిస్కాలా. సన్నగా, పొడుగ్గా, నవ్వు ఎక్కడో మర్చిపోయి వచ్చినట్టు ఉన్నాడు. పక్కన కవిత్వ పాఠాలు చెప్పే లేంపి అనే ఆవిడ, ఇంకో పక్క రికార్డింగు నేర్పే యువకుడు. గచ్చు నేల, ఎత్తు కిటికీలు, ఒక పాత పియానో.

విల్యా కూర్చుని మొదలుపెట్టింది. తెడ్డు ఒక్కటే మిగిలిన పడవ. తలెత్తి చూసింది. మూడు జతల బూట్లు, మూడూ నిశ్శబ్దం. మళ్లీ అదే.  రెండో లైను సగంలో ఉండగా పియానో మీద నుంచి చేతులు తీసేసింది.

"ఏమైంది?" అన్నాడు హెయిస్కాలా.

విల్యాకు ఏడుపు రావాల్సింది, కానీ కోపం వచ్చింది. ఎవరి మీదో ఆమెకే తెలియదు.

"క్షమించండి సార్. ఇది కూర్చుని వినే పాట కాదు. మీరలా కూర్చుంటే నాకు ఇందులో ఏముందో, ఏం లేదో ఎలా తెలుస్తుంది? లేచి ఆడతారా?"

 రికార్డింగు యువకుడు తన కాగితంలోకి చూసుకున్నాడు. లేంపి మెల్లగా, "నాకు టాంగో రాదమ్మా," అంది.

హెయిస్కాలా కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "నాకొచ్చు," అన్నాడు. "లే, లేంపీ. నడవడం వస్తే చాలు. కానీ అమ్మాయ్, పియానోతో టాంగో అంటే గుండె ఉండి కాళ్లు లేనట్టు."

"మా నాన్న బయట ఉన్నారు. అకార్డియన్ వ్యానులో ఉంది."

తైస్తోను లేపి తీసుకొచ్చేసరికి ఆయన ఇంకా సగం నిద్రలోనే ఉన్నాడు. విషయం విన్నాక మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"పరీక్ష పిల్లది కదండీ. నేనెందుకు మధ్యలో?"

"తోడు వాయించేవాళ్లను తెచ్చుకోవచ్చని మేమే రాశాం," అన్నాడు హెయిస్కాలా. "తలుపు అలాగే తెరిచి ఉంచండి, గాలాడుతుంది."

తైస్తో వ్యానులోంచి అకార్డియన్ తెచ్చి పట్టీలు భుజాలకు తగిలించుకున్నాడు. కూతురి వైపు చూసి ఒక్కసారి తలూపాడు, శనివారాలు స్టేజీ మీద ఊపినట్టే. అకార్డియన్ ఊపిరి పీల్చుకుంది.

ఈసారి మొదటి మాటకే తేడా తెలిసింది. హెయిస్కాలా ఆ నవ్వులేని ముఖంతోనే, చిన్నప్పటి నుంచీ అదే పని మీద ఉన్నవాడిలా అడుగులేశాడు. లేంపి మొదట రెండుసార్లు ఆయన కాలు తొక్కింది, మూడోసారి తొక్కలేదు. వరండాలోంచి తలలు లోపలికి తొంగి చూశాయి. ఆడిషన్‌కు వచ్చిన ఒకమ్మాయి గిటారు గోడకు ఆనించి, పక్కనున్న ముక్కూ మొహం తెలియని అతని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది. రికార్డింగు యువకుడు ఎవరూ పిలవకపోతే తనే వెళ్లి ఆఫీసులో ఆవిడను పిలుచుకొచ్చాడు. పడవ తిరిగింది. గుండ్రంగా, ఒడ్డు చేరకుండా, ఎలా తిరగాలని ఆమె రాసుకుందో అలాగే తిరిగింది. వీళ్లలో చాలామందికి డాన్సు హాలు అలవాటే లేదు. అడుగులు రావు. అయినా పాట వాళ్ల కాళ్లలోకి వెళ్లింది. హెల్సింకి నుంచి మోసుకొచ్చిన అనుమానం మూడో చరణం దగ్గర ఎక్కడో జారిపోయింది. విల్యా దాని కోసం వెతుక్కోలేదు.

పాట ఆగింది. అందరూ చప్పట్లు కొట్టబోయారు. హెయిస్కాలా చెయ్యి పైకెత్తి ఆపాడు.

"రెండో పాట?" అన్నాడు.

"సార్?"

"ఒక్క పాటకే ఈవిడను వదిలేస్తే నాకు మర్యాద తెలియదనుకుంటారు. రెండు ఆడాలి కదా. నీదే ఇంకోటి పాడు."

 విల్యా దగ్గర ఇంకోటి ఉంది కానీ పూర్తి కాలేదు. ఒక వాల్ట్జ్, చలికాలం పెరట్లో ఆరేసిన బట్టలు గడ్డకట్టి బిగుసుకోవడం చూసినప్పుడు కట్టడం మొదలుపెట్టింది. రెండు చరణాలే ఉన్నాయి. ఆటకు రెండు చరణాలు చాలవు, జనం ఊపు అందుకునేలోపు అయిపోతుంది.

"జి మేజర్, వాల్ట్జ్," అని తండ్రికి శ్రుతి చెప్పింది.

ఆయనకు ఆ పాట తెలియదు. అడగలేదు. మొదలుపెట్టాడు.

*మంచులో ఆరేసిన చొక్కా*
*చేతులు చాచి నిలబడింది.*
*ఎవరిని పిలుస్తున్నావంటే*
*గాలి కోసమని బొంకింది.*

రెండో చరణం కూడా పాడేసింది. తర్వాత ఏమీ లేదు. తండ్రి ఆమె ముఖంలోకి చూసి, ఏం జరుగుతోందో పసిగట్టి, రాగాన్ని సాగదీసి ఒక చుట్టు ఎక్కువ తిప్పాడు. ఆ ఒక్క చుట్టులో విల్యా గదంతా చూసింది. గచ్చు నేల, దాని మీద తిరిగే బూట్లు, జేబులోంచి తొంగి చూస్తున్న కళ్లద్దాలు. నోరు తెరిచింది.

*పాల డబ్బాలు దొర్లిన నేల మీద*
*ఇవాళ పెద్దవాళ్ల బూట్లు దొర్లాయి.*
*అయ్యా, అద్దాలు తీసి జేబులో పెట్టారు,*
*దారి చూపేది మీరా, ఆవిడా?*

ముందు నవ్వింది లేంపి. ఆడుతూనే నవ్వింది, నవ్వుతూ మళ్లీ ఆయన కాలు తొక్కింది. ఆఫీసావిడ పగలబడి నవ్వింది. విల్యా ఆగలేదు. గిటారు గోడకు ఆనించిన అమ్మాయి మీద ఒక చరణం, తాగకుండా వరండాలో చల్లారిపోయిన తండ్రి కాఫీ మీద ఒక చరణం కట్టింది. మాటలు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఆమెకు తెలియదు కానీ ప్రతి మాటా సరిగ్గా కాలు పడే చోటే పడుతోంది. చివర్లో మళ్లీ చొక్కా దగ్గరకొచ్చి ముగించింది. తైస్తో ఆఖరి స్వరం మీద అకార్డియన్ను ఊపిరంతా ఖాళీ అయ్యేదాకా మూశాడు.

హెయిస్కాలా లేంపిని ఆమె కుర్చీ దాకా నడిపించి, తల వంచి, తన చోటికి వచ్చి కూర్చున్నాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

"వాల్ట్జ్‌లో మూడో చరణం నుంచి ఇక్కడే కట్టావు."

"అవును సార్. పాట పూర్తి కాలేదు. తప్పైతే..."

"మొదటి రెండూ అందంగా ఉన్నాయి. వాటిని ఇంట్లో కూర్చుని చాలాసార్లు దిద్దావు, తెలుస్తోంది. మూడోది దిద్దలేదు. అదే బాగుంది." కాగితం మీద ఏదో రాసుకున్నాడు. "ఇక్కడ చేరితే నెలకోసారి బయట జనం ముందు పాడాలి. బడిలో, ముసలివాళ్ల ఆశ్రమంలో, డాన్సు హాల్లో. ఎవరి పాట వాళ్లే కట్టుకోవాలి. కొన్నిసార్లు జనం లేచి వెళ్లిపోతారు. అది కూడా పాఠమే. నీకు ఇష్టమేనా?"

"ఇష్టమే," అంది విల్యా. అడిగీ అడగకముందే జవాబు చెప్పినందుకు తర్వాత కొంచెం సిగ్గుపడింది.

వ్యానులో తైస్తో చల్లారిన కాఫీ గురించే గొణిగాడు. ఎప్పటిలాగే అనుకుంది విల్యా. ఊరి పొలిమేర దగ్గర ఆయన వ్యాను పక్కకు ఆపాడు.

"బ్యాండుకు ఎవరినన్నా చూసుకుంటాలే," అన్నాడు రోడ్డు వైపే చూస్తూ. "నువ్వు ఆ చరణం ఎత్తుకున్నప్పుడు నా వేళ్లు దారి తప్పబోయాయి. ముప్పై ఏళ్లలో ఎప్పుడూ తప్పలేదు."

*

మే నెల చివర మూడు చోట్ల నుంచీ కాగితం మీద కబురొచ్చింది. మూడు చోట్లా సీటిచ్చారు. హెల్సింకి వాళ్లు గాయకుల శాఖలో తీసుకున్నారు, పాటలు కట్టే శాఖలో కాదు.

సిర్కా కేకు చేసింది. ఓస్మోను పిలిచింది. కాఫీలు పోశాక కూతురి ఎదురుగా కూర్చుని, "ఊఁ, చెప్పు," అంది.

"కివిసల్మి వెళతానమ్మా."

సిర్కా ఓస్మోకు కేకు ముక్క కోసి పెట్టింది. "హెల్సింకిలో గొంతు బాగుందన్నారు కదే."

"అన్నారు. గొంతే కావాలన్నారు. నేను పుట్టించిన పాటను గుమ్మం దగ్గర వదిలి రమ్మన్నారు. స్వీడన్లో పాట కావాలన్నారు, అది ఎవరిదైనా పర్లేదు. కివిసల్మిలో ఆయన నేను ఏ లైను ఎక్కడ కట్టానో కనిపెట్టాడు. నేను చెప్పకుండానే కనిపెట్టాడమ్మా. అలాంటి మనిషి ముందు నాలుగేళ్లు కూర్చుంటే నేను ఏదన్నా అవుతాను."

"అమ్మాయిని పళ్ల కుర్చీలో కూర్చోబెట్టి అడగాల్సింది సిర్కా," అన్నాడు ఓస్మో కేకు నములుతూ. "అప్పుడు ఇన్ని మాటలు వచ్చేవి కావు."

"నువ్వూరుకో. నీ పళ్ల సంగతి నాకు తెలుసు." సిర్కా కూతురి వైపే చూస్తోంది. ఇంత పొడుగు మాట ఆ ఇంట్లో తండ్రి వైపు వాళ్లెవరూ ఎప్పుడూ మాట్లాడినట్టు లేదు. "సరే. హెల్సింకి వాళ్లకు నువ్వే ఫోను చేసి చెప్పు. నా నోటితో నేను చెప్పలేను."

విల్యా అక్కడే, అందరి ముందే ఫోను చేసింది. అన్నుక్కా ఫోనెత్తింది. విని, "ఎక్కడికి వెళుతున్నారు?" అని అడిగింది. కివిసల్మి అని విన్నాక అవతల చిన్న నవ్వు. "హెయిస్కాలా దగ్గరకా? అయితే మంచి బూట్లు కొనుక్కోండి."

*

ఆ వేసవంతా విల్యా తన టాంగోను ప్రతి హాల్లోనూ పాడింది. ఆగస్టులో ఇంటికి ఒక ఫోను వచ్చింది. అవతల కౌకో. జిల్లాలో తైస్తో బ్యాండుకు పోటీగా నిలబడగలిగేది కౌకో బ్యాండు ఒక్కటే. ఇద్దరూ ఎదురుపడితే వాతావరణం గురించి మాట్లాడుకుంటారు, అంతకు మించి మాట్లాడుకోరు.

"ఆ పడవ టాంగో ఉంది చూడు," అన్నాడు కౌకో. "మా దగ్గరికొచ్చే జనం అది పాడమని అడుగుతున్నారు. ఎక్కడిదో మాకు దొరకట్లేదు. స్వరాలు రాసిస్తావా?"

"నాది కాదు," అన్నాడు తైస్తో. "కట్టినావిడను అడుగు." అని ఫోను విల్యా చేతికిచ్చాడు. అలా కట్టినావిడ అని ఎవరైనా తనను అనడం ఆమెకు అదే మొదటిసారి, అదీ తండ్రి నోట.

కాలేజీ తెరవడానికి ముందు ఆదివారం, తమ బ్యాండుకు ఆట లేని రోజు, ముగ్గురూ కౌకో బ్యాండు వాయించే హాలుకు వెళ్లారు. మామూలు జనంలా టిక్కెట్లు కొనుక్కుని లోపలికెళ్లారు. సరస్సు మీద ఎండ తెల్లగా మెరుస్తోంది. హాలు కిక్కిరిసి ఉంది. చేతిలో వాయిద్యం లేకపోయేసరికి తైస్తోకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒకసారి జేబుల్లో పెట్టుకున్నాడు, ఒకసారి వెనక్కి కట్టుకున్నాడు.

కౌకో బ్యాండు గాయకుడు మైకు ముందుకొచ్చాడు. అకార్డియన్ ఎత్తుకుంది. తెడ్డు ఒక్కటే మిగిలిన పడవ. ఇంకొకరి గొంతులో, ఇంకొకరి ఊపిరిలో ఆ మాటలు విల్యాకు కొత్తగా వినిపించాయి, ఎవరో తెలిసినవాళ్లు కొత్త బట్టల్లో ఎదురొచ్చినట్టు. జనం నేల మీదికి కదిలారు.

తైస్తో వచ్చి, భార్య ముందు తల వంచాడు. సిర్కా అటూ ఇటూ చూసింది, ఎవరిని పిలుస్తున్నాడోనని. పెళ్లయిన దగ్గర నుంచీ ఆయన ప్రతి వారాంతమూ స్టేజీ మీదే ఉన్నాడు, ఆమె కింద నిలబడి పరాయివాళ్లతో ఆడుకుంది.

"రావే, కాళ్లు తొక్కుతానేమో," అన్నాడాయన.

"తొక్కినా పర్లేదు, పద," అంది సిర్కా. కళ్లు తుడుచుకోవడం మర్చిపోయి ఆయన భుజం మీద చెయ్యేసింది.

విల్యా స్తంభానికి ఆనుకుని వాళ్లను చూస్తోంది. నీలం చొక్కా వేసుకున్న ఒకతను వచ్చి ఆమె ముందు తల వంచాడు. ఎవరో ఆమెకు తెలియదు. నేల మీదికి వెళ్లాక, రెండడుగులు వేశాక, అతను వంగి చెవిలో అన్నాడు.

"ఈ పాట మీకు తెలుసా? ఈ వేసవంతా ఇదే. నాకు చాలా ఇష్టం."

"నాకూ ఇష్టమే," అంది విల్యా. ఎక్కడ తిరగాలో అతనికంటే ముందే ఆమెకు తెలుసు. అయినా అతను తిప్పినప్పుడే తిరిగింది. చుట్టూ ఎన్ని జతలు ఆడుతున్నాయో లెక్కపెట్టాలనుకుని మర్చిపోయింది. నేల మీద ఖాళీ లేదు.